విజయనగరంలో సూపర్‌మార్కెట్లు పెరిగాయి, అడిగిన సరుకు మాత్రం దొరకడం లేదు. మీకూ ఇంతేనా?

కంటోన్మెంట్ వాసి:

అందరికీ నమస్కారం. కోపంలో రాస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మా ఇంటికి నెలసరుకులు చాలా ఏళ్లు గంటస్తంభం దగ్గర ఒక కిరాణా కొట్టు నుంచే వచ్చేవి. పొద్దున్న చీటీ రాసి పడేస్తే సాయంత్రానికి రిక్షాలో సంచులు దిగేవి. ఆ షావుకారు పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో పడ్డారు, ఆయనకి ఓపిక తగ్గింది, కొట్టు తీసేశాడు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. దాంతో మేమూ అందరిలాగే ఏసీ సూపర్‌మార్కెట్లకి అలవాటు పడ్డాం. ఏ షాపో పేరు చెప్పను, చెప్పి లాభం కూడా లేదు. రింగ్ రోడ్డు వైపు వెళ్లినా బాలాజీ జంక్షన్ వైపు వెళ్లినా లోపల అదే సరుకు, అవే ఆఫర్ బోర్డులు.

మొన్న ఆదివారం సాయంత్రం వెళ్లాను. కావలసింది పొట్టు మినపప్పు. మా అమ్మ పొట్టు పప్పు నానబోసి, కడిగి, రుబ్బిస్తేనే అట్టు తింటుంది, చాయపప్పుతో పోసిన అట్టుకి రుచే లేదంటుంది (నిజమే కూడా). పప్పుల వరస చూస్తే పైనుంచి కింద దాకా నిండుగా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే మినపగుళ్లు అరకిలో, మినపగుళ్లు కిలో, మినపగుళ్లు రెండు కిలోలు, మళ్లీ అవే మినపగుళ్లు ఇంకో రంగు కవర్లో. అన్నీ ఆ షాపు సొంత ప్యాకెట్లే. బొబ్బర్లు లేవు. ఉలవలు లేవు. చోడిపిండి (రాగిపిండి) ఉంది కానీ అది చిన్న పిల్లల ఆహారం పేరుతో, బాదం కలిపి, అట్టపెట్టెలో పెట్టి, చోళ్ల ధరకి ఏమాత్రం సంబంధం లేని ధరతో ఉంది.

సరే, ఆవకాయ రోజులు వస్తున్నాయి కదా, నువ్వుల నూనె అయినా తీసుకుందామని అక్కడున్న కుర్రాణ్ని అడిగాను. చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండా అటు అని వేలు చూపించాడు. వెళ్లి తీసుకున్నాం. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని సీసా వెనక్కి తిప్పింది కాబట్టి సరిపోయింది, అది దీపారాధన నూనె. ముందు వైపు దీపం బొమ్మ, నువ్వుల గింజల బొమ్మ, వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో తినడానికి పనికిరాదు అని. వెనక్కి వచ్చి, బాబూ ఇది దీపం నూనె, వంటనూనె కావాలి అంటే, రెండూ నువ్వుల నూనే కదండీ అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కానీ అరవై మంది తిరిగే షాపులో ఇది వంటనూనె ఇది కాదు అని చెప్పగలిగిన మనిషి ఒక్కడైనా ఉండాలా వద్దా?

బిల్లు దగ్గర సంగతి మీకందరికీ తెలిసిందే. కౌంటర్లు నాలుగు, మనిషి ఉన్నది ఒకదానికి. వరస షాంపూల దాకా వచ్చేసింది. నా వంతు వచ్చాక ఫోన్ నంబర్ చెప్పండి అంది ఆ అమ్మాయి, ఇవ్వను అంటే బిల్లు అవ్వదండీ అంది. వెనకాల వాళ్లు విసుక్కుంటున్నారు, చెప్పేశాను. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన బిల్లు మీద టిక్కు పెట్టి మరీ వదిలాడు, అదేదో మనం ఎత్తుకుపోతున్నట్టు.

షాపు పెద్దదైతే రకాలు పెరగాలి కదా, ఎందుకు తగ్గుతున్నాయి? ఇది తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకోటి, పొట్టు మినపప్పు, గానుగ నూనె, చోళ్లు, గంటెలు ఇలాంటివి మన ఊళ్లో ఇంకా ఎక్కడ దొరుకుతున్నాయి?


రాత్రి డ్యూటీ:

గురూ, ఇంత బాధ దేనికి, ఫోన్లో ఆర్డర్ పెట్టేసుకో, గుమ్మంలోకి వస్తుంది. వరస లేదు, సెక్యూరిటీ లేడు.


కంటోన్మెంట్ వాసి:

పెట్టి చూశానండీ. పొట్టు మినపప్పు అని కొడితే ముందు ఆరు రకాల గుళ్లు చూపించి, తర్వాత పొట్టు పెసరపప్పు చూపించి, చివర్లో మినప సున్నుండలు చూపించింది. యాప్‌కి కూడా ఇయర్‌ఫోన్ ఉన్నట్టుంది.


చీపురుపల్లి కొట్టు:

మాస్టారూ, మీరడిగిన 'ఎందుకు' సంగతి కొంత నేను చెప్పగలను. చీపురుపల్లి వైపు మాకు కిరాణా కొట్టు ఉంది, నాన్న పెట్టినది, ఇప్పుడు నేను చూస్తున్నాను.

కొట్టువాడికి అర మీద ఉన్న ప్రతి ప్యాకెట్టూ పెట్టుబడే. వారంలో కదిలితే ఆ డబ్బు మళ్లీ తిరుగుతుంది, మూడు నెలలు కూర్చుంటే ఆ డబ్బు చచ్చినట్టే, తేదీ దాటితే సరుకూ చచ్చినట్టే. పెద్ద కంపెనీ సరుకైతే డిస్ట్రిబ్యూటర్ మనిషి వారానికో రోజు మా లైనుకి వస్తాడు, ఫోన్లో ఆర్డర్ కొట్టుకుని పోతాడు, మర్నాడో ఎల్లుండో ఆటోలో దిగుతుంది. డేటు అయిపోయినవి సణుక్కుంటూ అయినా వెనక్కి తీసుకుంటాడు. చిన్న మిల్లువాడికి లైను లేదు, వెనక్కి తీసుకోవడం లేదు, బిల్లు రాసే మనిషే సరిగ్గా ఉండడు. సరుకు బాగుంటుంది, అది నాకూ తెలుసు. అమ్ముడుపోకపోతే మాత్రం నెత్తిన వేసుకోవలసింది నేనే.

పొట్టు మినపప్పు సంగతే చూడండి. మా నాన్న రోజుల్లో గుళ్లు పండగ సరుకు, పొట్టు పప్పు రోజువారీ సరుకు. ఇప్పుడు టిఫిన్ సెంటర్లకి కడిగే ఓపిక లేదు, ఇళ్లల్లోనూ లేదు, ఇంకో సగం మంది ప్యాకెట్లో తడిపిండే కొంటున్నారు. బస్తా తెచ్చి పెడితే పైన నాలుగు కిలోలు అమ్మేసరికి కింద పురుగు పడుతోంది. తెచ్చి పారబోశాను కాబట్టే చెబుతున్నా.

ధరల సంగతి ఇంకో తమాషా. సూపర్‌మార్కెట్‌కి కంపెనీ నేరుగా వేస్తుంది. వాళ్లు ఆఫర్ బోర్డు మీద రాసే అమ్మకం ధర కొన్నిసార్లు నాకు డిస్ట్రిబ్యూటర్ వేసే కొనుగోలు ధర కంటే తక్కువ ఉంటుంది. అప్పుడు నేనేం చేస్తానో తెలుసా, వైజాగ్ వెళ్లి హోల్‌సేల్ స్టోర్‌లో సంచీ నింపుకుని వస్తాను, అంటే దుకాణదారుణ్ని నేనే కస్టమర్‌ని అయిపోయాను. అక్కడున్నదే నా కొట్టులోకి వస్తుంది. ఇక రకాలు ఎక్కడి నుంచి వస్తాయండీ.

మీలాంటి వాళ్లకి ఒక్క మాట, కోప్పడకండి. చేతిలో డబ్బున్న ఒకటో తారీకున అందరూ ఏసీ షాపుకే వెళ్తారు. ఇరవయ్యో తారీకు దాటాక నేను గుర్తొస్తాను, పుస్తకంలో రాసుకో అంటారు. ఆ పుస్తకం చూపిస్తే కంపెనీ వాడు నాకు సరుకు వెయ్యడు.


ఫ్లోర్‌లో పనిచేసినోణ్ని:

నేను వైజాగ్‌లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో, తర్వాత విజయనగరం బ్రాంచిలో పనిచేశాను, ఇప్పుడు మానేశాను. ఇయర్‌ఫోన్ కుర్రాడి తరఫున కొంచెం మాట్లాడనివ్వండి.

ముందు అరల సంగతి. ఏ వస్తువు ఏ అరలో, ఎన్ని ప్యాకెట్లు ముఖం చూపించాలి అన్నది ఆ షాపులో ఎవరూ నిర్ణయించరు, హెడ్డాఫీసు నుంచి బొమ్మ వస్తుంది, ఆ బొమ్మ ప్రకారం సర్దాలి, సర్దాక ఫొటో తీసి పంపాలి. కళ్లకి ఎదురుగా ఉండే అర, వరస చివర మూల మీద ఉండే ర్యాక్, బిల్లు కౌంటర్ పక్కన చాక్లెట్ల స్టాండు, ఇవి ఊరికే రావు, కంపెనీలు డబ్బు కట్టి తీసుకుంటాయి. చిన్న కంపెనీకి అంత ఎక్కడిది? మిగిలిన మంచి చోటు షాపు సొంత బ్రాండ్‌కి పోతుంది, ఎందుకంటే అందులో మిగులు ఎక్కువ. మీరు చూసిన మినపగుళ్ల గోడ అదే.

రెండోది, అసలు విషయం అనుకుంటాను నేను. ఆ కంప్యూటర్‌లో అమ్ముడైనది ఎక్కుతుంది. అడిగి లేదని వెళ్లిపోయినది ఎక్కడా ఎక్కదు. నేనున్నప్పుడు సంక్రాంతి ముందు చిమ్మిలికని మంచి నువ్వులు అడిగేవాళ్లు, నల్ల నువ్వులు అడిగేవాళ్లు, మా దగ్గర పాలిష్ పట్టిన తెల్ల నువ్వులు వంద గ్రాముల ప్యాకెట్లు తప్ప ఉండేవి కావు. రోజూ అదే మాట, లేదండీ, లేదండీ. మేనేజర్‌కి చెప్పాను. ఆయన పాపం మంచివాడే, కానీ ఆయనకి ఊళ్లో మిల్లు నుంచి ఒక బస్తా కొనే అధికారం లేదు. రాయడానికి ఒక పుస్తకం కూడా లేదు. నెలాఖరుకి పైనుంచి రిపోర్టు వస్తుంది: నువ్వులు, ఈ బ్రాంచిలో డిమాండ్ తక్కువ, ముఖాలు తగ్గించండి. తగ్గిస్తాం. ఇంకా తక్కువ అమ్ముడవుతాయి. తర్వాత నెల తీసెయ్యండి అని వస్తుంది. పాత షావుకారికి కంప్యూటర్ లేదు కానీ ఫలానా మేష్టారింటి వాళ్లు రెండుసార్లు అడిగారని బుర్రలో ఉండేది, మూడోసారికి తెచ్చి పెట్టేవాడు.

మూడోది మనుషులు. ఉదయం లోడు దించడం, పైన గోడౌన్ నుంచి మొయ్యడం, డేట్లు చూసి పాతవి ముందుకి జరపడం, పగిలినవి తుడవడం, ఇవన్నీ చేస్తూ మీకు సమాధానం చెప్పాలి. పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చోడానికి లేదు. నాకు పప్పుల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, మొదటిరోజే టీషర్టు ఇచ్చి బిస్కెట్ల వరసలో నిలబెట్టారు. నేర్చుకునే లోపు జనం మానేస్తారు. ఇంకో సంగతి చెప్పనా, సబ్బులు షాంపూల దగ్గర నవ్వుతూ నిలబడే అమ్మాయి చాలాసార్లు ఆ షాపు మనిషే కాదు, కంపెనీ పెట్టిన మనిషి. తన సబ్బు తప్ప పక్క వరసలో ఏముందో ఆమెకి తెలియదు, తెలియనవసరం లేదు. మీరు మాత్రం షాపులో ఇంతమంది ఉన్నారు ఒక్కరూ చెప్పరు అంటారు.

ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం తప్పే లెండి.


తోటపాలెం అమ్మమ్మ:

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను.

మీరందరూ పాత కొట్లని తెగ మెచ్చుకుంటున్నారు, మీలో ఎంతమంది ఆడవాళ్లో నాకు తెలీదు. నేను పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో కొట్టుకి వెళ్తే గల్లా దగ్గర మగవాళ్లు ముందు, మేం తర్వాత. సరుకు చేత్తో ముట్టుకోనిచ్చేవాడు కాదు. బస్తాలో పైపైన మంచి పప్పు, పొట్లంలోకి వచ్చేది అడుగు పప్పు. అరువు ఖాతా ఉన్నవాళ్లయితే నోరెత్తకూడదు, రాళ్లున్నా ఏరుకోవడమే. తక్కెడ పళ్లెం కింద చింతపండు ముద్ద అంటించిన మహానుభావుల్ని కూడా చూశాను. మా ఇంట్లో పనిచేసే ఆమెని పంపిస్తే గుమ్మం కిందే నిలబెట్టి సంచి విసిరేవాడు ఒకడు. ఇప్పుడు ఆమె కోడలు నా పక్కనే చల్లగా ఏసీలో బుట్ట పట్టుకుని నడుస్తుంది, తనకి కావలసింది తనే తీసి చూసుకుంటుంది, ఎవడి మొహం చూడనక్కర్లేదు. ఇదేం చిన్న విషయం కాదు బాబూ.

అలాగని ఇప్పుడున్నది బాగుందని కాదు. సరుకు విషయంలో నువ్వన్నది నిజమే. కందిపప్పు ఒకప్పుడు దేశవాళీది, కొండ కందులది అని రకాలుండేవి, ఉడికితే వీధి చివరికి వాసన వచ్చేది. ఇప్పుడు ప్యాకెట్ మెరుస్తుంది, పప్పుకి వాసన లేదు.

పొట్టు పప్పు కోసం ఎందుకు తిరగడం? మినుములు కొను. రైతుబజారు బయట అమ్మేవాళ్ల దగ్గర ఉంటాయి, లేకపోతే పల్లెల్లో తెలిసినవాళ్లనడుగు. ఎండలో బాగా ఎండబెట్టి పిండిమరకి తీసుకెళ్లి, పిండి కాదు బద్ద కావాలి, రాళ్లు ఎడం పెట్టు అని చెప్పు. మొహమాటపడకుండా పక్కనే నిలబడు. ఇంటికొచ్చి చెరిగితే నూక వేరే, బద్ద వేరే. నూక పారెయ్యకు, వడియాల్లోకి వస్తుంది. తిరగలి ఉంటే ఇంకా మంచిది, మా ఇంట్లో ఉంది, ఎత్తేవాళ్లే లేరు.


తూకం రాయి:

అమ్మమ్మగారూ, చింతపండు ముద్ద ఇప్పుడు ప్యాకెట్ లోపలికి మారిందండీ. ఆ సంగతి చెబుతాను.

నూనె ప్యాకెట్ తీసుకోండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఇప్పుడు అరల్లో అదే సైజులో కనిపించే కవర్లు చూడండి, 850 గ్రాములు, 800 గ్రాములు, 750 గ్రాములవి కూడా ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలియదు. చౌక అనుకుని చిన్నది తెచ్చుకుంటాం. ఇదివరకు ఇన్ని వంకర కొలతలు కుదిరేవి కావు. నూనె, పిండి, బిస్కెట్లు, టీపొడి లాంటి వాటిని ఏయే కొలతల్లో ప్యాక్ చెయ్యాలో తూనికలు కొలతల నిబంధనల్లో ఒక పట్టికే ఉండేది. 2021లో చేసిన సవరణతో ఆ పట్టిక తీసేశారు. దానికి బదులుగా ప్యాకెట్ మీద ఒక్కో గ్రాముకి లేదా కిలోకి ఎంత పడుతుందో రాయాలన్నారు. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకి, కిలో దాటితే కిలోకి. ద్రవమైతే మిల్లీలీటరు, లీటరు. ఎమ్మార్పీ పక్కనే చిన్నగా ఉంటుంది చూడండి. సూపర్‌మార్కెట్‌కి వెళ్లినప్పుడు నేను ఎమ్మార్పీ చూడను, ఆఫర్ చూడను, ఆ చిన్న అంకె చూస్తాను. కొన్నిసార్లు పెద్ద ప్యాకెట్టే గ్రాము లెక్కన ఎక్కువ పడుతుంది, మీరే చూడండి.

ఫోన్ నంబర్ విషయం. కంటోన్మెంట్ గారూ, ఇవ్వనక్కర్లేదు. నంబర్ ఇస్తేనే బిల్లు చేస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపార సంఘాలకి చెప్పింది. ఈసారి అమ్మాయి అడిగితే నంబర్ లేదు అని ఊరుకోండి, కంప్యూటర్‌లో ఏదో ఒకటి కొట్టి బిల్లు చేసేస్తారు, వాళ్లకి ఆ దారి తెలుసు. మొండికేస్తే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. బిల్లు మాత్రం పారెయ్యకండి. దీపం నూనె విషయంలో మీ ఫిర్యాదు నిలవకపోవచ్చు, సీసా మీద రాసే ఉంది కాబట్టి. కానీ వంటనూనె అరలో దీపం నూనె ఎందుకు పెట్టారని మేనేజర్‌ని అడగచ్చు, అడగాలి కూడా.

చీపురుపల్లి గారూ, మీరు కూడా కాటాకి ఏటా ముద్ర వేయించుకుంటున్నారా? సరదాకే అడిగాను.


చీపురుపల్లి కొట్టు:

వేయించానండీ, సర్టిఫికెట్ గల్లా పైనే వేలాడుతోంది, దేవుడి పటం పక్కన.

విడి సరుకు గురించి మీరు చెప్పనిది ఒకటి నేను చెబుతాను. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పు, బియ్యం, పిండికి 5 శాతం జీఎస్టీ పడింది. బస్తాలోంచి తూచి ఇస్తే లేదు. అంటే నా దగ్గర విడిగా కొనేవాడికి అంత మేరకి తేలికే. అయినా జనానికి కవర్లో ఉంటేనే శుభ్రం అని నమ్మకం. విడి నూనె విషయంలో చట్టం మాకు అడ్డు, 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం సీలు లేకుండా వంటనూనె అమ్మకూడదు. కల్తీ ఆపడానికే పెట్టారు, కాదనను. కానీ డబ్బా పట్టుకొచ్చి పావుకిలో పోయించుకునే కూలి మనిషికి ఆ రోజు నుంచి ప్యాకెట్టే గతి.


నాగావళి గట్టు:

శ్రీకాకుళం నుంచి. ఏటి, విజయనగరమే అనుకుంటున్నారా, మాకూ ఇదే గోల.

మా జిల్లాలో రాగోలు పరిశోధన స్థానం ఉంది, అక్కడి నుంచి వచ్చిన ఆర్‌జీఎల్ 2537ని జనం శ్రీకాకుళం సన్నాలు అనే పిలుచుకుంటారు. శ్రీకాకుళం టౌన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కైనా వెళ్లి శ్రీకాకుళం సన్నాలున్నాయా అని అడగండి, మీ మొహం కేసి చూస్తారు. సంచుల మీద సింహాలు, గులాబీలు, నెమళ్లు, లోపల ఏ రకమో ఎక్కడా ఉండదు, పాతవా కొత్తవా అంటే పాతవేనండీ అంటారు. ఇంకో తమాషా, ఈమధ్య బియ్యం సంచి 26 కిలోలు వస్తోంది గమనించారా? 25 కిలోల దాకా ప్యాక్ చేసినదానికే ఆ 5 శాతం. అందుకని మిల్లులవాళ్లు ఒక కిలో ఎక్కువ వేసి గీత దాటేశారు. తెలివంటే ఇది. నేనైతే ఆమదాలవలస రోడ్డులో తెలిసిన మిల్లుకి వెళ్లి, పిడికెడు బియ్యం అరచేతిలో వేసి చూసుకుని, ఆడించిన నెల అడిగి తెచ్చుకుంటాను.

జీడిపప్పు చెప్పాలంటే కడుపు మండుతుంది. పలాస మా జిల్లాలోనే ఉంది. అక్కడ గుండు జీడిపప్పుకి 180, 210, 240, 320 అని గ్రేడ్లుంటాయి, ఒక పౌనుకి ఎన్ని పలుకులు తూగుతాయో ఆ లెక్క, అంకె చిన్నదైతే పలుకు పెద్దది. బద్ద వేరు, ముక్క వేరు, ఎవరి జేబుకి తగ్గది వాళ్లు. పాయసానికి ముక్క చాలు, పెళ్లి స్వీటు మీదకి 180 కావాలి. సూపర్‌మార్కెట్ ప్యాకెట్ మీద ఇవేవీ ఉండవు, ప్రీమియం అని ఒక్క మాట ఉంటుంది, గుండ్ల మధ్య బద్దలు దాక్కుని ఉంటాయి. పలాస వెళ్లే బంధువుకి చెబితే పని అయిపోతుంది. లేదా అక్కడి వ్యాపారులు ఆర్టీసీ కార్గోలో వేస్తారు, కాంప్లెక్స్‌కి వెళ్లి దించుకోవడమే.

చింతపండు, తేనె, కుంకుడుకాయలు కావాలంటే గిరిజన సహకార సంస్థ డిపోలు చూడండి. 1956 నుంచి ఉన్న సంస్థ, విశాఖలో ఆఫీసు. షాపు హంగు ఉండదు, బల్ల వెనక ఒకాయన పేపరు చదువుకుంటూ ఉంటాడు, కానీ సరుకు ఏజెన్సీ నుంచే వస్తుంది. కొండ చీపుర్లు, పసుపు, అనాసపళ్లు, చోళ్లు, సామలు లాంటివి కొండవాళ్ల చేతి నుంచే కావాలంటే సీతంపేట, గుమ్మలక్ష్మీపురం సంతలకి పొద్దున్నే వెళ్లాలి. పది దాటితే మంచివి షావుకార్లు ఎత్తుకుపోతారు. బేరం మాత్రం మరీ ఎక్కువ ఆడకండి, వాళ్లు నెత్తిన మోసుకుని కొండ దిగి వస్తారు.


రాత్రి డ్యూటీ:

నేను ఒక్క మాట అంటే ఇంత పురాణం నడిచిందా. సరే కానీ, గంటెలు అంటే ఏంటండీ?


తోటపాలెం అమ్మమ్మ:

సజ్జలు నాయనా. మీ అమ్మనడుగు, చెబుతుంది.


కంటోన్మెంట్ వాసి:

అందరికీ ధన్యవాదాలు. ఫ్లోర్‌లో పనిచేసిన తమ్ముడు చెప్పిన మాట నాకు బాగా పట్టింది, అడిగి వెళ్లిపోయినది ఎక్కడా ఎక్కదు అన్నది. అలాగైతే మనం లేదనగానే పక్క ప్యాకెట్ తీసుకుని బయటపడకుండా, కౌంటర్ దగ్గర కాగితం అడిగి రాసి ఇవ్వాలేమో. ఒక్కడు రాస్తే చెత్తబుట్టలో వేస్తారు, వందమంది రాస్తే?


ఫ్లోర్‌లో పనిచేసినోణ్ని:

వందమంది రాసినా బ్రాంచిలో చెత్తబుట్టే అన్నా. రాయాలంటే బిల్లు మీద ఉండే హెడ్డాఫీసు మెయిల్‌కి రాయండి, బ్రాంచి పేరు, అడిగిన వస్తువు పేరు వేసి. వాటికి సమాధానం ఇచ్చి తీరాలని వాళ్ల మీద లెక్క ఉంటుంది, బ్రాంచికి ఫోన్ వస్తుంది. నేనున్నప్పుడు బొబ్బర్లు అలాగే వచ్చాయి. తర్వాత ఆ రాసినవాళ్లు కొనలేదు, అది వేరే కథ.


చీపురుపల్లి కొట్టు:

కంటోన్మెంట్ గారూ, ఇంకో దారి చెప్పనా. పదిమంది ముందుగా తలా రెండు మూడు కిలోలు చెబితే నేను పొట్టు మినపప్పు ఒక బస్తా దింపిస్తాను. మిల్లు నాకు తెలుసు, పాలిష్ ఉండదు. బస్తా మొత్తం ముందే పోతుందంటే నాకు పురుగు భయం లేదు, ధర కూడా నాలుగు రూపాయలు తగ్గించగలను. గానుగ నూనె కూడా చూస్తాను కానీ అది సీసాల్లో సీలు వేసి ఇచ్చేవాడి దగ్గరే తెస్తాను. విజయనగరం దాకా శనివారం మా ఆటో వస్తుంది, కోట జంక్షన్ దగ్గర తీసుకోవాలి.


తూకం రాయి:

నాకు మూడు కిలోలు. తూచి చూస్తాను మరి.


తోటపాలెం అమ్మమ్మ:

నాకు రెండు కిలోలు రాయి బాబూ. పుచ్చు పప్పు వచ్చిందా, ఆటోలోనే వెనక్కి పంపించేస్తాను, ముందే చెబుతున్నా.


చీపురుపల్లి కొట్టు:

పంపించండమ్మా, తీసుకుంటాను. డబ్బులు మాత్రం ముందే వెయ్యాలి, పుస్తకంలో రాసుకోవడం లేదు.